కాళ్ళు జారని వీరుడు

ఉమ్మడి సభ పెద్దలకు నమస్కారం.

ఈ నెల ఇరవై ఎనిమిదిన, గాలి పండగ నాడు, మా కొత్తరేవులో పిల్లలందరికీ "వజ్రభుజుడు" సినిమా వేస్తారు. అది అందరూ చూడదగినదేనన్న అనుమతి మీద రెండు సంతకాలున్నాయి. ఒకటి భాగీరథి గారిది, ఒకటి నాది. నా సంతకం తప్పని నేనిప్పుడు అనుకుంటున్నాను. ఒకసారి ఇచ్చిన అనుమతిని మేము వెనక్కి తీసుకోలేము, సభ మాత్రమే తీసుకోగలదు. అందుకే రాస్తున్నాను.

మా పద్ధతి మీలో అందరికీ తెలిసి ఉండకపోవచ్చు. భూమి నుంచి సినిమా వచ్చినప్పుడు వేర్వేరు వయసుల పిల్లలు ముగ్గురిని హాల్లో కూర్చోబెట్టి వేస్తాము. పరీక్షించేవాళ్ళం తెరకు వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా కూర్చుంటాము. సినిమా చూడము, పిల్లల్ని చూస్తాము. ఎక్కడ జడిసారో, ఎక్కడ ముఖం తిప్పుకున్నారో రాసుకుంటాము. ఆ చోట తెర మీద ఏముందో తరవాత పిల్లల్నే అడుగుతాము. భాగీరథి గారు ఈ ఊరు కట్టినప్పటి నుంచి ఇలాగే చేస్తున్నారు. ఆవిడ అనుమతించిన సినిమా చూసి రాత్రి ఉలిక్కిపడి లేచిన పిల్ల లేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ పేరు నిజమే.

రోజువారీగా నేను రాసుకున్నవి దిద్దకుండా కింద పెడుతున్నాను. దిద్దితే నాకు మొదటి నుంచీ అన్నీ తెలిసినట్టు కనిపిస్తుంది.

మార్చి 4

సరుకు ఓడ వచ్చింది. పప్పులు, మందులు, దారపు కండెలతోపాటు సినిమా కూడా. ఏడాదికి ఒక్కటే కొత్త సినిమా కాబట్టి ఓడ తలుపు తెరవకముందే పిల్లలకు దాని పేరు తెలిసిపోయింది.

మధ్యాహ్నం పరీక్ష. ఏడేళ్ళ పైడిరాజు, పన్నెండేళ్ళ ఝాన్సీ, పదిహేనేళ్ళ షమీనా. ముగ్గురూ ఇక్కడ పుట్టినవాళ్ళే. భాగీరథి గారు షమీనా ముందు కూర్చున్నారు. మిగతా ఇద్దరినీ నేను చూసుకున్నాను.

సినిమా మొదట్లో ముసుగువాడు వచ్చేసరికి పైడిరాజు రెండు కాళ్ళూ కుర్చీ మీదకు లాక్కున్నాడు. అది రాసుకున్నాను. ఊరు కాలిపోయే చోట షమీనా గోళ్ళు చూసుకుంటూ కూర్చుందని భాగీరథి గారు తరవాత చెప్పారు. వీరుడు మేడ మీంచి దూకినప్పుడు ముగ్గురూ నవ్వారు. అదొక గొప్పేనా అన్నట్టుగా. వీళ్ళు రోజూ మూడో అంతస్తు వరండా నుంచి బడికి దూకేవాళ్ళే మరి. ఇక్కడ చంద్రుడి మీద బరువు భూమి మీద ఉండేదాంట్లో ఆరో వంతు. నేలకు దిగడానికి మెట్లెందుకని వాళ్ళ వాదన.

ఆ తరవాత నా వెనకాల ఏదో పెద్ద బండి వస్తున్న చప్పుడు, జనం కేకలు. పిల్లల ముఖాల్లో ఏ మార్పూ లేదు. పైడిరాజు వేరుశెనగ పలుకులు నములుతూనే ఉన్నాడు. ఝాన్సీ కొంచెం ముందుకు వంగి శ్రద్ధగా చూసింది. లెక్కల టీచరు బోర్డు మీద కొత్త లెక్క చేస్తుంటే చూసినట్టు. "ప్రశాంతం" అని రాశాను.

మార్చి 5

భాగీరథి గారూ నేనూ కూర్చుని తేల్చాము. ముసుగువాడి మొదటి రాక కత్తిరించాలి. మిగతాది అందరూ చూడవచ్చు. ఇద్దరం సంతకాలు చేశాము. ఇది నా మూడో సినిమా. సంతకం పెట్టేటప్పుడు ఇప్పటికీ చెయ్యి కొంచెం బిగుస్తుంది. మా ఇంట్లో నాకన్నా ముందు ఎవరూ సంతకం పెట్టలేదు. అందరివీ వేలిముద్రలే.

ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ నవ్వింది. బయట పనిచేసేవాళ్ళ తొడుగుల లోపలి బట్టలు ఉతికి వచ్చి, చేతులకు నూనె రాసుకుంటోంది.

"సినిమా వైపు ఈపు తిప్పి కూకుని, సినిమా మంచిదో కాదో సెప్తారా? ఇదేటి సదువే నూకరత్నం?"

పిల్లల్లోకి ఏం వెళ్ళిందో తెరలో కనిపించదని, పిల్లల్లోనే కనిపిస్తుందని చెప్పాను. భాగీరథి గారి మాటే అది. అయితే నన్ను కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడు, నేను ఏం తిన్నానో చెప్పు అంది అమ్మ. ఎండు చేపల కూర అని వాసన పట్టి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాము.

మార్చి 9

పరీక్షకు వచ్చిన ముగ్గురూ కథంతా ఊరికి చెప్పేశారు. చెప్పకూడదన్న నియమం ఉంది గానీ అది ఎప్పుడూ నిలబడింది లేదు.

ఇవాళ బడి వదిలాక పెద్ద నడవలో కొత్త ఆట చూశాను. ఊరి మధ్యగా పోయే నడవలోంచి పట్టాల మీద రాతి బండ్లు వెళ్తాయి. సొరంగం నుంచి రాయి నింపుకుని వచ్చి, కరిగించే కొట్టు దగ్గర ఒంపేసి, ఖాళీగా తిరిగి వెళ్తాయి. అటు పక్క ఒక ఖాళీ బండి నిలిపి ఉంది. పెద్ద పిల్లలు దాన్ని తోస్తున్నారు. పైడిరాజు ఎదురుగా నిలబడి అరచెయ్యి చాచాడు. బండి వచ్చి చేతికి తగిలి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఇంకొకడు.

వాళ్ళ అమ్మ పైడిరాజును చెవి పట్టుకుని తీసుకుపోయింది. పదేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోకుండా నడవలోకి రాకూడదు. అందుకే తిట్టింది తప్ప ఆటను తిట్టలేదు. నేనూ నవ్వుకుంటూ వచ్చేశాను. వీరుడి వేషం వేసుకోవడం మంచి గుర్తని, సినిమా పిల్లలకు నచ్చిందని రాసుకున్నాను.

మార్చి 12

ఝాన్సీ రాయి నింపిన బండికి ఎదురుగా నిలబడింది.

ఆ బండి నడుపుతున్నది వాళ్ళ నాన్న లక్ష్మణరావు. ఆయన చూడగానే మోటారు ఆపి బ్రేకు వేశాడు. ఇక్కడ బ్రేకు వేసినా చక్రాలు పట్టాల మీద జారుతూ చాలా దూరం పోతాయి. బండి ఝాన్సీ చేతిని తాకి, ఆమెను నెట్టుకుంటూ పోయి, కరిగించే కొట్టు ఇనుప తలుపుకు బారెడు దూరంలో ఆగింది. మణికట్టు విరిగింది. ఇంకేమీ కాలేదు. ఆ బారెడు దూరం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి లక్ష్మణరావు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, చెయ్యి అలా కాసేపు గాలిలో ఆడించి, బయటికి వెళ్ళిపోయాడు. ఝాన్సీ మాత్రం మామూలుగా ఉంది. కట్టు మీద తన పేరు రాయమంది. ఎందుకలా చేశావని అడిగాను.

"ఆగింది కదక్కా."

"మీ నాన్న బ్రేకేశాడు. అందుకాగింది."

"నాన్న ఏసింది ఆకర్న. అప్పటికే స్లో అయిపోనాది. నా సెప్పులు జారిపోనాయి గానీ... సినిమాలో ఆయన కాళ్ళు జారలేదు, సూసేవా? పట్టాల మద్దిన గుచ్చి పెట్టేడు. రబ్బరు సెప్పులైతే నాకూ జారవు."

తిట్టాలనిపించింది గానీ తిట్టలేకపోయాను. ఎందుకంటే పిల్ల గొప్పలు చెప్పుకోవడం లేదు, ఆలోచిస్తోంది. పడిందెక్కడో చూసుకుని, సరిచేసుకుని, మళ్ళీ చెయ్యాలనుకుంటోంది. మేము బడిలో నేర్పేది అదే.

మార్చి 13

హాలు తాళం అడిగి తీసుకుని, ఒక్కదాన్నే తెర వైపు తిరిగి కూర్చుని సినిమా చూశాను. అలా చూడకూడదని నియమమేమీ లేదు. ఎవరూ చూడరు, అంతే.

పరీక్ష రోజు నా వెనక వినిపించిన బండి చప్పుడు రైలుది. బ్రేకులు తెగిన రైలుకు వజ్రభుజుడు ఎదురెళ్ళి, కాళ్ళు పట్టాల మధ్య దింపి, ఒక్క అరచేత్తో ఆపుతాడు. భూమి మీద పిల్లలకు అది వింత. వాళ్ళు ఒక బస్సును చేత్తో కదిపి చూసి ఉంటారు, అది కదలదని తెలుసు. మన పిల్లలు ఖాళీ బండి ఒక కొస పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి పైకెత్తేస్తారు. రాయి నింపినది కూడా నలుగురు పెద్దవాళ్ళు కలిస్తే ఒక పక్క లేస్తుంది. ఎత్తగలిగినదాన్ని ఆపలేమా అని వాళ్ళకు అనిపించడంలో వింతేముంది? ఎత్తడానికి ఇక్కడ బరువు తక్కువ గానీ, కదులుతున్న రాయిని ఆపడానికి భూమి మీద ఎంత బలం కావాలో ఇక్కడా అంతే కావాలి. పైగా ఇక్కడ కాళ్ళకు నేల పట్టు తక్కువ. భూమి నుంచి వచ్చిన పెద్దవాళ్ళం బండి వస్తే ఆలోచించకుండా పక్కకు తప్పుకుంటాము. ఆ అలవాటు మాతో వచ్చింది, పిల్లలకు రాలేదు. రాలేదని మాకు తోచనే లేదు.

భూమి మీద ఆ సినిమాకు అందరూ చూడవచ్చని అనుమతి ఇచ్చారు. అక్కడ అది సరైనదే కావచ్చు.

సాయంత్రం భాగీరథి గారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఝాన్సీ కోసం పాయసం కాస్తున్నారు. నా మాటలు ఓపిగ్గా విన్నారు. చిన్నప్పుడు మా వీధిలో గొడుగు పట్టుకుని గోడ మీంచి దూకని వాడు లేడమ్మా అన్నారు. పిల్లలు ఆడతారు, తగుల్తాయి, మానతాయి, దానికి ఏడాదికొక్క సినిమా ఆపుతామా అన్నారు. వాళ్ళు దూకాక నేల వాళ్ళకు సంగతి చెప్పింది, ఇక్కడి నేల ఏమీ చెప్పదు అన్నాను.

"మన ముందే గదమ్మా చూశారు. ఆ రైలు దగ్గర ముగ్గురిలో ఒక్కరైనా జడిసారా?"

"జడవలేదండీ. అదే తప్పు."

ఆవిడ గరిటె తిప్పడం ఆపేశారు.

"భయపడకపోవడం కూడా లెక్కలోకి వస్తుందంటే, నేను ఇన్నాళ్ళూ సరే అన్నవన్నీ మళ్ళీ చూడాలి. తెలుసా నీకు?"

ఆవిడ పాయసం గిన్నె నా చేతికిచ్చి, ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్ళమన్నారు.

మార్చి 16

పండగ పనులు చూసే సన్యాసిరావు గారు సినిమా ఆపడం తన వల్ల కాదన్నారు. సభ చెప్పాలి, లేకపోతే పిల్లలు తన ఇంటి మీద పడతారు అన్నారు. ఆయన కోపంగా ఏమీ అనలేదు. ఇప్పటికే హాల్లో రంగు కాగితాలు కట్టిస్తున్నారు.

సినిమా ఆపకుండా పిల్లలకు సంగతి చెప్పే దారి ఉందేమోనని లక్ష్మణరావును అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఇవాళ బడి పిల్లలందరినీ పసుపు గీత వెనక నిలబెట్టి, ఇనుప తలుపుకు ఆనించి ఒక ఖాళీ నూనె డబ్బా పెట్టాము. రాయి నింపిన బండిని మనిషి నడక వేగంతో వదిలాడు. డబ్బా అప్పడమయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

చిన్నపిల్లలు వెనక్కి తగ్గారు. పైడిరాజు వాళ్ళమ్మ కొంగులో ముఖం పెట్టుకున్నాడు. నాకు పని అయిపోయిందనిపించింది. ఊపిరి పీల్చుకున్నాను. కట్టు చెయ్యితో ముందు వరసలో నిలబడిన ఝాన్సీ దగ్గరికి వెళ్ళి, చూశావా అన్నాను.

"సూసేనక్కా. డబ్బాకి సేతుల్లేవు కదా."

పక్కనున్న పెద్ద పిల్లలు నవ్వలేదు. అవునన్నట్టు తలూపారు.

మార్చి 17

రాత్రంతా ఆ మాటే. కళ్ళతో చూపించినదేదీ ఆ వయసు పిల్లలకు చాలదు. చిన్నవాళ్ళు చూసి నమ్ముతారు, పెద్దవాళ్ళు తప్పు ఎక్కడుందో వెతుకుతారు. తప్పు దొరికితే మళ్ళీ ప్రయత్నిస్తారు. మొన్న సంతకం పెట్టేటప్పుడు నేను పైడిరాజు గురించి బెంగపడ్డాను. వాళ్ళమ్మ చెవి మెలిపెట్టినప్పటి నుంచి పైడిరాజు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని తప్ప నడవలోకి రాడు. రోజూ ఒంటరిగా పట్టాలు దాటి బడికి వెళ్ళేది ఝాన్సీ, షమీనా.

పొద్దున్నే అమ్మకు చెప్పాను. కడుగుతున్న గిన్నె పక్కన పెట్టి, పిల్లకి సెయ్యే కదే కావాలి, ఎనకమాల నించి ఇచ్చి సూడు అంది. బండికి వెనక తాడు కడితే, పట్టు వదిలేసిన క్షణంలో ఎవరికీ ఏమీ కాదు. అమ్మ అలా అనుకుని అందో లేదో నాకు తెలియదు.

లక్ష్మణరావు రాయి నింపిన బండి వెనక పొడవాటి తాడు కట్టాడు. నేను, షమీనా, ఝాన్సీ పట్టుకున్నాము. ఝాన్సీకి ఒక్క చెయ్యే ఉంది, తాడును మోచేతికి చుట్టుకోబోతే నేను ఒప్పుకోలేదు. ఆ పిల్ల కాళ్ళకు షమీనా రబ్బరు చెప్పులు ఉన్నాయి. అడిగి తెచ్చుకుంది. బండి నడక వేగం అందుకోగానే లక్ష్మణరావు మోటారు ఆపేసి, బ్రేకు వెయ్యకుండా చేతులెత్తి చూపించాడు.

మేము ముగ్గురం వెనక్కి వాలి లాగాము. బండికి మేమున్నట్టే తెలియలేదు. మమ్మల్ని లాక్కుంటూ దర్జీ కొట్టు దాటింది, బడి మెట్లు దాటింది. షమీనా వదిలేసింది. నేను వదిలేశాను. ఝాన్సీ పడుకున్నంత పని అయి, రబ్బరు చెప్పులు నేల మీద కీచుమంటుంటే, నడవ మలుపు దాకా పట్టుకునే ఉంది. ఆ తరవాత తనే వేళ్ళు విప్పేసింది. బండి ఆమె లేకుండా ఇంకా ముందుకు పోయింది. అప్పుడు లక్ష్మణరావు బ్రేకు వేశాడు.

ఝాన్సీ నేలమీద కూర్చుని అరచెయ్యి చూసుకుంది. తాడు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. నాన్న వచ్చి పక్కన చతికిలబడినా తల ఎత్తలేదు.

"మొన్న బండిని నాను ఆపలేదు కదా నాన్నా."

"లేదమ్మా."

"సినిమాలో ఆయనా ఆపలేదు. ఉత్తినే తీసేరు."

పిల్ల ఏడవలేదు గానీ, ఎవరో ఊరొదిలి వెళ్ళిపోయినట్టు ముఖం పెట్టుకుంది. నాకు ఇదంతా చేయకుండా ఉండవలసిందేమో అనిపించింది, ఒక్క క్షణం. ఇంటి దాకా నేను కూడా నడిచాను. గుమ్మం దగ్గర ఆగి, అక్కా, అయినా పండక్కి నేను మళ్ళీ చూడొచ్చా అని అడిగింది. చూడొచ్చన్నాను. పరీక్షించేదాన్నిగా ఈ సినిమా మీద నేను పూర్తి నమ్మకంతో చెప్పిన మాట ఇదొక్కటే.

మార్చి 18

ఇదంతా భాగీరథి గారికి చదివి వినిపించాను. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ కాగితం మీద తాను సంతకం చెయ్యనన్నారు. ఒక్క పిల్లను చూసి పద్ధతి మార్చడం తనకు సమ్మతం కాదన్నారు. పంపవద్దని మాత్రం అనలేదు. ఆఖర్న, ఈసారి పరీక్ష పెట్టినప్పుడు మనలో ఒకరు తెర వైపు కూర్చుందామా అని అడిగారు. ఎవరు కూర్చోవాలో తేలలేదు.

పెద్దలకు నా మనవి ఇది. "వజ్రభుజుడు"ను నిషేధించమని అడగడం లేదు. అది మంచి సినిమా. అందులో వీరుడు ఎవరినీ కావాలని బాధపెట్టడు, తనకన్నా చిన్నవాళ్ళ కోసం ఎదురు నిలబడతాడు. అందుకే అది పిల్లల్లోకి అంత లోతుగా వెళ్ళింది. పదేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడవచ్చు. పది నుంచి పదహారు మధ్య వాళ్ళలో ప్రతి ఒక్కరూ, పండగకు ముందే, రాయి నింపిన బండి వెనక తాడు పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళకే హాల్లోకి ప్రవేశం ఇవ్వాలి. చిన్నవాళ్ళకు సరే, పెద్ద పిల్లలకు షరతు అన్న విభాగం మన నియమాల్లో ఇంతవరకూ లేదని నాకు తెలుసు. దయచేసి ఈ ఒక్క సినిమాకు ఏర్పాటు చేయండి.

దీనికి పండగ ముందు రోజు ఒక బండినీ, లక్ష్మణరావునూ సొరంగం పని నుంచి తప్పించాలి. రాయి తక్కువ వస్తుంది, కొలిమి సగం రోజు చల్లగా ఉంటుంది. ఆ నష్టం ఒప్పుకోగలిగేది సభ మాత్రమే. నేను అడగగలను, అంతే.

సభ నుంచి ఏ మాటా రాకపోతే సినిమా మొదట అనుకున్నట్టే, అందరికీ, ఇరవై ఎనిమిదిన వేస్తారు. మర్నాడు బడికి పట్టాలు దాటి వెళ్ళే పిల్లల్లో తాడు పట్టుకున్నది ఇద్దరే ఉంటారు.

కాబట్టి ఇరవై ఆరో తేదీ సాయంత్రంలోగా జవాబు పంపవలసిందిగా కోరుతున్నాను. కుదరదని నిర్ణయించినా సరే, ఆ మాట కూడా ఆ రోజుకే చెప్పండి. అప్పుడు పండగకు ముందు నాకు మిగిలే ఆ ఒక్క రోజులో, ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి చెప్పుకుంటాను.

ఇట్లు,
మైలపల్లి నూకరత్నం
సినిమా పరీక్షకురాలు, కొత్తరేవు